కొట్టుకు ఇన్సూరెన్స్ ఉంది. దేనికి ఉంది?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు. నేను చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లలో దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: "ఇన్సూరెన్స్ ఉందిగా అండీ, బ్యాంకు వాళ్ళు ఏటా ఖాతాలోంచి కట్ చేస్తూనే ఉన్నారు."

పాలసీ కాగితం పంపండి అంటే మాత్రం చాలామంది దగ్గర లేదు. ఉన్న వాళ్ళు కూడా అంతకు ముందు ఎప్పుడూ దాన్ని చదవలేదు. ఒక బట్టల కొట్టాయన బ్యాంకుకు మూడుసార్లు తిరిగి పాలసీ తెచ్చుకున్నాడు. అందులో ఉన్న అడ్రస్ ఆయన నాలుగేళ్ళ కిందట ఖాళీ చేసిన గదిది. బ్యాంకు ఏటా పాత వివరాలతోనే రెన్యువల్ చేస్తూ వచ్చింది, ఈయన ఏటా ప్రీమియం కడుతూ వచ్చాడు. నీళ్ళు మాత్రం కొత్త అడ్రస్‌కు వచ్చాయి.

అందుకే బీమా రకాల గురించి ఎవరైనా అడిగితే నేను పేర్లతో మొదలుపెట్టను. ఏ సరుకు, ఎక్కడ ఉన్నది, ఎవరిది, ఎంత విలువ, దేని వల్ల నష్టం? ఈ ఐదింటికి పాలసీలో జవాబు దొరికితే ఆ నష్టానికి బీమా ఉన్నట్టు. ఒక్కదానికి దొరకకపోయినా చిక్కే. రకరకాల పాలసీలు ఎందుకున్నాయో కూడా ఈ ప్రశ్నల్లోంచే తెలుస్తుంది.

మాట్లాడుకోవడానికి ఒక కొట్టును ఊహించుకుందాం. పెళ్ళి బట్టల కొట్టు. అద్దె గది. వెనక నాలుగు మోటార్ మిషన్లతో టైలరింగ్. వీధి చివర చిన్న గోడౌన్. ఆరుగురు పనివాళ్ళు, సరుకు తిప్పడానికి ఒక ట్రాలీ ఆటో. బ్యాంకులో 20 లక్షల సీసీ లోను (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు తాకట్టు మీద ఒక లిమిట్ వరకు వాడుకునే అప్పు).

బ్యాంకు కట్టించిన పాలసీ

సీసీ లోనుకు తాకట్టు మీ సరుకే. ఆ తాకట్టు తగలబడినా, నీటిపాలైనా బ్యాంకు అప్పు మునుగుతుంది. కాబట్టి బ్యాంకు ముందు చూసుకునేది తన అప్పునే. 20 లక్షల లోను అయితే చాలాసార్లు 20 లక్షలకే పాలసీ చేయిస్తారు. కొట్టులో 40 లక్షల సరుకు ఉందన్నది వాళ్ళకు పెద్ద విషయం కాదు. ఫర్నిచర్, మిషన్లు, ఏసీలు అందులో ఉండాలనీ లేదు. పాలసీలో బ్యాంకు క్లాజు ఒకటి ఉంటుంది, దాని ప్రకారం క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు. అది బ్యాంకు అవసరం కోసం పుట్టిన పాలసీ, మీ అవసరానికి సరిపోయేలా మీరే దాన్ని మార్పించుకోవాలి. బ్యాంకు చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలన్న నిర్బంధం కూడా లేదు. మీరే వేరే చోట సరైన పాలసీ తీసుకుని, బ్యాంకు పేరు అందులో చేర్పించి, కాపీ ఇవ్వవచ్చు.

నిప్పు, నీరు, గాలి

వ్యాపారులు ఇప్పటికీ "ఫైర్ పాలసీ" అనే అంటారు. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థలకు దాని స్థానంలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రెండు ప్రామాణిక పాలసీలు తెచ్చింది. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉంటే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు అయితే భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. ఏ కంపెనీలో కొన్నా మూల షరతులు ఒకటే, ప్రీమియమే మారుతుంది. మన బట్టల కొట్టుకు మొదటిది చాలు.

పేరులో ఫైర్ లేకపోయినా ఇందులో అగ్నిప్రమాదంతో పాటు పిడుగు, పేలుడు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు, అల్లర్లు, టెర్రరిజం, వాహనం వచ్చి గుద్దడం, నీళ్ళ ట్యాంకు పగలడం వరకు ఉన్నాయి. హుద్‌హుద్ లాంటి గాలి అయినా, బుడమేరు లాంటి నీరు అయినా దీని కిందికే వస్తుంది. ఇలాంటి ప్రమాదం జరిగాక దాని కారణంగా 7 రోజుల లోపు దొంగతనం జరిగితే అదీ వస్తుంది. వరదలో ఇల్లు, కొట్టు వదిలి పోయిన వాళ్ళకు ఇది చాలా విలువైన వాక్యం, కానీ ఎవరూ చెప్పరు.

మామూలు రోజున జరిగే దొంగతనం మాత్రం ఇందులో లేదు. గోడకు చెమ్మ పట్టి నెమ్మదిగా పాడైన సరుకు లేదు. షార్ట్ సర్క్యూట్ అయి మోటారు కాలిపోతే, ఆ మోటారు ఖరీదు ఈ పాలసీ ఇవ్వదు. దాన్నుంచి మంట పాకి పక్కనున్న బట్టలు తగలబడితే ఆ బట్టలకు ఇస్తుంది. మోటారు కోసం మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ, కంప్యూటర్లూ బిల్లింగ్ మిషన్ల కోసం ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ వేరుగా ఉన్నాయి. నాలుగు కుట్టు మిషన్ల కోసం అంత అవసరం లేదు. కోల్డ్ స్టోరేజీ, ఐస్‌క్రీమ్ పార్లర్, డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళకు అవే ముఖ్యం.

సగం బీమాకు సగం డబ్బు

అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

శ్రావణ మాసం. కొట్టులో సరుకు 40 లక్షలు. పాలసీ 20 లక్షలకు. నీళ్ళు వచ్చి కింది అరల్లోని 10 లక్షల సరుకు పాడైంది. 20 లక్షల పాలసీ ఉంది, నష్టం 10 లక్షలే, మొత్తం వస్తుందనుకుంటాం. రాదు. ఉండాల్సిన దాంట్లో సగానికే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ సగమే, అంటే 5 లక్షలే లెక్క కడతారు. దీన్ని యావరేజ్ క్లాజు అంటారు. మిగతా 20 లక్షల సరుకుకు మీకు మీరే బీమా కంపెనీ అని దాని తర్కం. అందులో మీ వాటా నష్టం మీరే భరించాలి.

సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో ఒక వెసులుబాటు ఉంది. తక్కువ బీమా 15% మించకపోతే ఈ కోత పెట్టరు. 40 లక్షల సరుకు మీద 34 లక్షలకు పాలసీ ఉంటే చాలు, యావరేజ్ మాట ఎత్తరు. 33కు దిగితే మాత్రం మినహాయింపు పోతుంది.

సరుకు విలువ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఆషాఢంలో ఖాళీగా ఉండే అరలు శ్రావణానికి, దసరాకు, సంక్రాంతికి నిండిపోతాయి. బీమా మొత్తం పెట్టేటప్పుడు సరాసరి చూడకూడదు, అన్నిటికంటే ఎక్కువ సరుకు ఉండే వారాన్ని చూడాలి. హెచ్చుతగ్గులు బాగా ఉన్నవాళ్ళకు డిక్లరేషన్ పద్ధతి ఉంది, నెలనెలా సరుకు విలువ తెలియజేస్తూ పోవచ్చు. కొట్టు, గోడౌన్ రెండుచోట్లా సరుకు తిరుగుతూ ఉంటే ఫ్లోటర్ పద్ధతిలో రెండు అడ్రసులూ ఒకే మొత్తం కింద పెట్టించుకోవచ్చు. మన బట్టల కొట్టుకు ఫ్లోటరే సరైంది. ఎందుకంటే ఏ రోజు ఎక్కడ ఎంత ఉందో ఆ ఓనర్‌కే తెలియదు.

విలువ అంటే ఏ ధర? సరుకుకు మీరు కొన్న ధర, రవాణా ఖర్చుతో సహా. రాక్ మీద వేసిన ఎమ్మార్పీ కాదు. 3,000కు కొని 5,000కు అమ్మే చీరకు 3,000 లెక్కే వస్తుంది, లాభం రాదు. మిషన్లు, ఫర్నిచర్ అయితే అలాంటిదే కొత్తది ఈ రోజు కొనాలంటే ఎంతవుతుందో ఆ లెక్కన బీమా చేయించాలి. పద్దుల్లో తరుగుదల పోను మిగిలిన 8,000 చూసి మిషన్‌కు 8,000 రాయించుకున్న వాళ్ళున్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం వేసిన తరుగుదల వేరు, ఇది వేరు.

మూడు చోట్ల మూడు లెక్కలు

దీని గురించి రాయాలంటే నాకే ఇబ్బంది, ఎందుకంటే ఈ తప్పులో మా లాంటి లెక్కలు రాసేవాళ్ళ చేతులూ ఉంటాయి. లోను లిమిట్ తగ్గకూడదని బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో సరుకు ఎక్కువ చూపిస్తారు. ట్యాక్స్ తగ్గాలని ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో తక్కువ చూపిస్తారు. ప్రీమియం తగ్గాలని పాలసీలో మరో అంకె. మామూలు రోజుల్లో ఈ మూడూ ఒకదాన్నొకటి కలుసుకోవు. క్లెయిమ్ రోజున, నష్టం లెక్క కట్టే సర్వేయర్ బల్ల మీద మూడూ పక్కపక్కన కూర్చుంటాయి.

సర్వేయర్ మీ నోటి మాట మీద సరుకు లెక్కించడు. ఏప్రిల్ 1 నాటి సరుకు తీసుకుని, ఆ తర్వాత కొన్నది కలిపి, అమ్మిన దాని అసలు ధర తీసేస్తాడు. ఏప్రిల్ 1న 25 లక్షలు, ఆగస్టు చివరి దాకా కొన్నది 30 లక్షలు, అమ్మకాలు 24 లక్షలు, అమ్మకం మీద 20% లాభం అనుకుందాం. అమ్మినదాని అసలు 19.2 లక్షలు. 55లోంచి అది పోతే 35.8 లక్షలు. ఆ రోజు కొట్టులో ఉండాల్సిన సరుకు అది. మీరు 50 లక్షలు పోయిందని ఎంత గట్టిగా చెప్పినా ఆయన కాగితం ఆ అంకె దగ్గరే ఆగుతుంది. బిల్లు లేకుండా కొన్న సరుకు ఈ లెక్కలోకి రాదు. బిల్లు లేకుండా అమ్మింది మాత్రం కొట్టులోనే ఉన్నట్టు కనిపిస్తుంది, అప్పుడు లెక్కలకూ అరలకూ పొంతన లేదని అనుమానం మొదలవుతుంది.

వరదలో కంప్యూటరూ బిల్లు పుస్తకాలూ పోతే? జీఎస్టీ పోర్టల్‌లో మీ అమ్మకాల రిటర్నులు, మీకు అమ్మినవాళ్ళు చూపిన కొనుగోళ్ళు ఉంటాయి. సింగ్‌నగర్‌లో నాకు తెలిసిన కొందరి క్లెయిముల్లో సరుకు లెక్క తేలింది వాటితోనే. నెలనెలా విసుక్కుంటూ వేసిన రిటర్ను అలా పనికొచ్చింది.

ఎవరి సరుకు?

టైలరింగ్‌లో బ్లౌజులకని ఇచ్చిన కస్టమర్ల పట్టుబట్టలు ఉన్నాయి. అవి మీవి కావు. "సొంత సరుకు" అని మాత్రమే రాసిన పాలసీలో వాటికి చోటు లేదు. అవి తడిసిపోతే కస్టమర్ మాత్రం మిమ్మల్నే అడుగుతాడు. పాలసీలో "నమ్మకం మీద ఉంచుకున్న ఇతరుల సరుకు" కూడా చేర్చమని అడగాలి, ఇంగ్లీషులో దాన్ని గూడ్స్ హెల్డ్ ఇన్ ట్రస్ట్ అంటారు. ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డులో ఉన్న కస్టమర్ కారుకు, డ్రై క్లీనింగ్ కొట్టుకు, మిల్లుకు ధాన్యం తెచ్చి దించిన రైతు బస్తాలకు ఇదే ప్రశ్న. నగల కొట్ల సంగతి ఇంకా క్లిష్టం. వాళ్ళకు జ్యువెలర్స్ బ్లాక్ అని ప్రత్యేక పాలసీ ఉంది.

ఇక గది ఓనర్‌ది. బిల్డింగ్‌కు మీరు పాలసీ తీసుకోనక్కర్లేదు. మీరు చేయించిన ఫాల్స్ సీలింగ్, అరలు, ఏసీ, బోర్డు మీవే, వాటిని విడిగా రాయించుకోవాలి. ఇంకో మెలిక ఉంది. మీ నిర్లక్ష్యం వల్ల మంటలు లేచి బిల్డింగ్ కాలితే, ఓనర్‌కు డబ్బిచ్చిన ఆయన బీమా కంపెనీ ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకోవడానికి రావచ్చు. దానికి లయబిలిటీ పాలసీ కావాలి, అంటే బయటివాళ్ళకు మీరు కట్టాల్సి వచ్చే నష్టానికి బీమా, కాసేపట్లో అక్కడికి వస్తాను.

ఇంట్లో వ్యాపారం చేసేవాళ్ళు ఇంటికి పాలసీ ఉందని ధీమాగా ఉంటారు. ఇంటి పాలసీ ఇంటి సామానుకే, వ్యాపార సరుకుకు కాదు. గోదావరి జిల్లాల్లో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమెరికాలో ఉన్నవాళ్ళకు పంపే వాళ్ళు దీన్ని ముఖ్యంగా గమనించాలి. ఆ జాడీలు, నూనె, ప్యాకింగ్ మిషన్ అన్నీ వ్యాపార ఆస్తే.

దొంగ ఎలా వచ్చాడు

బర్గలరీ పాలసీ అంటే దొంగతనానికి పాలసీ అనుకుంటాం. అందులో కీలకమైన మాట బలప్రయోగం. తాళం పగలాలి, షట్టర్ వంగాలి, గోడకు కన్నం పడాలి, లేదా మనిషిని బెదిరించాలి. ఈ షరతు రాసి ఉన్న పాలసీలో బలప్రయోగం లేకుండా జరిగిన దొంగతనానికి డబ్బు రాదని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. రద్దీలో కస్టమర్‌లా వచ్చి నాలుగు చీరలు సంచిలో వేసుకుపోయినా, తాళం వేయడం మరచిపోయిన రాత్రి సరుకు పోయినా ఈ పాలసీ పలకదు.

లోపలి మనిషే తీస్తే? నమ్మకంగా గల్లా మీద కూర్చోబెట్టిన గుమాస్తా రెండేళ్ళుగా బిల్లులు మార్చి డబ్బు తినేశాడనుకోండి. దానికి ఫిడెలిటీ గ్యారంటీ అనే పాలసీ ఉంది. చుట్టరికం ఉన్న మనిషి అయినా సరే, నష్టం లెక్కల్లో రుజువు కావాలి. కొట్టు కట్టేశాక క్యాష్ బ్యాంకుకు తీసుకెళ్ళే దారిలో దోపిడీ జరిగితే మనీ ఇన్సూరెన్స్. ఇందులో గల్లాలో ఉన్న డబ్బు, బీరువాలో ఉన్న డబ్బు, దారిలో ఉన్న డబ్బు మూడూ వేరువేరు అంకెలు.

ఇవన్నీ విడివిడిగా కొనాలా అంటే అక్కర్లేదు. షాప్‌కీపర్స్ ప్యాకేజీ పేరుతో చాలా కంపెనీలు అగ్ని, వరద, బర్గలరీ, క్యాష్, అద్దాలు, సైన్‌బోర్డు, లయబిలిటీ అన్నీ ఒకే పాలసీలో సెక్షన్లుగా ఇస్తాయి. ప్యాకేజీ అనగానే అన్నీ ఉన్నాయనుకోవద్దు. ఏ సెక్షన్‌కు డబ్బు కట్టారో అదే ఉన్నట్టు. పాలసీ వివరాల పట్టికలో, అంటే షెడ్యూల్‌లో, మిగతా సెక్షన్ల పక్కన "నిల్" అని ఉంటుంది.

సూరత్ నుంచి వచ్చే సరుకు దారిలో పోతే కొట్టు పాలసీకి సంబంధం లేదు. దానికి ట్రాన్సిట్ పాలసీ. లారీ ఆఫీసు రసీదు మీద "ఓనర్స్ రిస్క్" అని అచ్చు వేసి ఉంటుంది, అది తిప్పి చదివితే నిద్ర పట్టదు. ట్రాన్సిట్‌లో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలు ఉన్నాయి. సీ అంటే నిప్పు, పిడుగు మాత్రమే. బీలో లారీ బోల్తా పడటం, గుద్దుకోవడం కూడా వస్తాయి. ఏ అయితే మినహాయింపులు పోను దాదాపు అన్నీ, దొంగతనంతో సహా. చౌకగా వచ్చిందని సీ తీసుకుని లారీ బోల్తా పడ్డాక తెలుసుకోవడం ఎందుకు, ముందే అడగండి.

పనివాళ్ళు

ఓనర్లు అన్నిటికంటే తేలికగా తీసుకునేది ఇదే. అన్నిటికంటే పెద్ద దెబ్బ కొట్టగలిగేదీ ఇదే. సరుకు పోతే ఉన్నంతే పోతుంది. మనిషి పోతే లెక్క మీ చేతిలో ఉండదు.

2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోడౌన్‌లో మంటలు లేచి అక్కడే నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. చిన్న వ్యాపారంలో పనిచోటే పడకచోటు కావడం కొత్తేమీ కాదు.

10 మంది లేదా అంతకు మించి పనివాళ్ళు ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, వర్తిస్తుంది. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్ళకు ఓనర్ 3.25%, పనివాడు 0.75% కడతారు. పనిలో ప్రమాదం జరిగితే వైద్యం, పింఛను ఈఎస్ఐ చూసుకుంటుంది. ఆరుగురే ఉన్న మన కొట్టు దీని కిందికి రాదు. అప్పుడు పరిహారం బాధ్యత నేరుగా ఓనర్ మీద పడుతుంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద ఉన్న ఈ బాధ్యత ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. మరణం అయితే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న ఒక గుణకంతో హెచ్చిస్తారు. జీతం ఎంత ఉన్నా ఈ లెక్కకు గరిష్ఠంగా 15,000 తీసుకోవాలని 2020 జనవరిలో నిర్ణయించారు. 30 ఏళ్ళ ట్రాలీ డ్రైవర్, జీతం 15,000. సగం 7,500. ఆ వయసుకు గుణకం 207.98. మొత్తం 15,59,850 రూపాయలు. సీసీ లిమిట్ 20 లక్షలున్న కొట్టు ఓనర్ ఇంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? ఈ బాధ్యతను బీమా కంపెనీ మీదికి మార్చేదే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ, పాత పేరుతో వర్క్‌మెన్ పాలసీ.

ప్రీమియం పనివాళ్ళ సంఖ్య, జీతం, పని స్వభావం మీద ఉంటుంది. తగ్గించడానికి ఆరుగురి బదులు ముగ్గురిని చూపించడం, డ్రైవర్‌ను సేల్స్‌మన్ అని రాయించడం మామూలే. ప్రమాదం జరిగేది ఎప్పుడూ చూపించని మనిషికే అన్నట్టుంటుంది. వైద్య ఖర్చులు పాలసీలో మామూలుగా చేర్చరు, అడిగి చేర్పించుకోవాలి. మెడికల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు కొందరు. అది ఆస్పత్రి బిల్లుకే, చట్టం కింద మీరు కట్టాల్సిన పరిహారానికి కాదు.

20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనను పనివాళ్ళందరి చేత కట్టించడం మంచిదే. చేయించండి. అది వాళ్ళ కుటుంబానికి అదనం, మీ బాధ్యతలోంచి ఒక్క రూపాయి తగ్గించదు.

బయటివాళ్ళు

కొట్టు మెట్ల మీద కస్టమర్ జారి కాలు విరగ్గొట్టుకుంటే, బోర్డు ఊడి దారిన పోయేవాడి మీద పడితే పబ్లిక్ లయబిలిటీ. మీరు అమ్మిన వస్తువు వల్ల హాని జరిగితే ప్రాడక్ట్ లయబిలిటీ. బట్టల కొట్టుకు రెండోది దూరపు మాట. తిండి వ్యాపారానికి అది గుమ్మంలోనే ఉంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిన్నవాళ్ళు ఆస్పత్రి పాలై ఒక మహిళ చనిపోయాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రాడక్ట్ లయబిలిటీకి ఒక అధ్యాయమే ఉంది. చేసినవాడే కాదు, అమ్మినవాడు కూడా కొన్ని సందర్భాల్లో జవాబు చెప్పాలి. అమెరికాకు పచ్చళ్ళు పంపేవాళ్ళు తీసుకునే పాలసీలో అమెరికా, కెనడా కోర్టులు మినహాయింపులో ఉన్నాయేమో చూసుకోవాలి. చాలావాటిలో ఉంటాయి.

ప్రమాదకర రసాయనాలు వాడే వాళ్ళకు ఈ ఇష్టాయిష్టాలు లేవు. భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన 1991 చట్టం వాళ్ళకు బీమా తప్పనిసరి చేసింది. మన ట్రాలీ ఆటోకు థర్డ్ పార్టీ తప్పనిసరి అన్నది అందరికీ తెలిసిందే. సొంత కారులో డిక్కీ నిండా సరుకు వేసుకుని డెలివరీలు చేయడం మాత్రం ప్రైవేటు కారు పాలసీకి గిట్టదు.

కొట్టు మూసి ఉన్న రోజులకు అద్దె, జీతాలు, వడ్డీ ఎవరిస్తారు? లాస్ ఆఫ్ ప్రాఫిట్ అనే కవర్ ఇస్తుంది, అగ్ని పాలసీతో పాటు తీసుకుంటే. అయితే మూతకు కారణం ఆ పాలసీ కిందికొచ్చే ఆస్తి నష్టం అయి ఉండాలి. లాక్‌డౌన్‌లో కొట్లు మూతపడితే ఇది పనిచేయకపోవడానికి కారణం అదే, అరల్లో సరుకు చెక్కుచెదరలేదు కదా. సైబర్ పాలసీ గురించి ఈమధ్య బాగా అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు చూడొచ్చు. దొంగ ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇచ్చేయడం లాంటి వాటికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సౌండ్ బాక్స్ మోగేదాకా ఆగడమే దానికి బీమా.

నష్టం జరిగిన రోజు

ముందు కంపెనీకి ఫోను, మెయిలు. దొంగతనమైతే వెంటనే ఎఫ్ఐఆర్. సర్వేయర్ వచ్చే లోపు వీడియోలు తీయాలి, తడిసిన సరుకును పొడిగా ఉన్నదాని నుంచి వేరు చేయాలి, కానీ పారేయకూడదు. వాసన భరించలేక మునిసిపాలిటీ బండిలో వేసేసి తర్వాత ఏడ్చినవాళ్ళను చూశాను. పాడైన సరుకుకు కూడా ఎంతో కొంత ధర ఉంటుంది, దాన్ని క్లెయిమ్‌లోంచి తగ్గిస్తారు. సర్వేయర్ ఫీజు కంపెనీదే, మీరు ఇవ్వనక్కర్లేదు. ఇంకొకటి: ప్రీమియం అందకుండా కంపెనీ రిస్కు తీసుకోవడాన్ని 1938 బీమా చట్టం ఒప్పుకోదు. మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయితే చేతిలో పాలసీ ఉన్నా లేనట్టే.

క్లెయిమ్ కొట్టేస్తే, లేదా బాగా కోసేస్తే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. మామూలుగా అది వ్యక్తుల పాలసీలకే అనుకుంటారు. సొంత పేరుతో నడిచే ఏకవ్యక్తి సంస్థలు, సూక్ష్మ సంస్థలు కూడా వెళ్ళవచ్చు. పరిమితి 50 లక్షలు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్ళాలి. ఆంధ్రకూ తెలంగాణకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి మీరు వినియోగదారుడే కాదు అని కంపెనీలు వాదించేవి. నష్టం పూడ్చుకోవడానికి తీసుకునే బీమా లాభం కోసం చేసే పని కాదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంతదూరం రాకముందే చేయగలిగిన పని ఒకటుంది. ఏటా మార్చిలో లెక్కలు సర్దేటప్పుడు నా దగ్గరికి వచ్చే వ్యాపారుల చేత బ్యాంకుకు ఒక ఉత్తరం పెట్టిస్తున్నాను. ఆ మునిగిన బట్టల కొట్టాయన ఈ ఏడు తనే రాసుకొచ్చాడు, నేను ఒక్క అక్షరం మార్చలేదు:

"మేనేజర్ గారికి. నా సీసీ ఖాతాలోంచి కట్ చేసిన ప్రీమియం తాలూకు పాలసీ కాపీ ఇప్పించగలరు. నా కొట్టు, గోడౌన్ అడ్రసులు కింద రాశాను. పాలసీలో వేరే అడ్రస్ ఉంటే మార్పించి, మార్చినట్టు కాగితం ఇప్పించగలరు. సరుకు విలువ 40 లక్షలు, అందులో కస్టమర్ల బట్టలు కూడా ఉన్నాయి. ఈ ఉత్తరం అందినట్టు రెండో కాపీ మీద స్టాంపు వేసి ఇవ్వగలరు."